తాగినానని చెప్పిన రోజు

జోయల్ మోటార్లకు వైండింగ్ కట్టేవాడు. ఉరవకొండలో బళ్ళారి రోడ్డు పక్కన అతనికీ స్నేహితుడు గిరికీ కలిపి ఒక రేకుల షాపు ఉంది. బోర్లలో కాలిపోయిన మోటార్లు చుట్టుపక్కల పల్లెల నుంచి అక్కడికే వచ్చేవి. నల్లగా మాడిన తీగను కోసి తీసేసి, కొత్త రాగి తీగను గాడి గాడికీ లెక్క తప్పకుండా చుట్టి, మళ్లీ బోరులోకి దింపేలా చేసి ఇవ్వడం వాళ్ల పని. నీళ్లు కిందికి పోయేకొద్దీ మోటార్లు ఎక్కువ కాలతాయి. జనం వాన కోసం మొగులు చూసే నెలల్లోనే ఆ షాపులో ఊపిరి సలపనంత పని ఉండేది.

పద్దెనిమిదేళ్ల వయసులో బళ్ళారిలో ఒక ముసలి మేస్త్రీ దగ్గర ఈ పని నేర్చుకున్నాడు జోయల్. వేళ్లు సన్నవి, ఓపిక ఎక్కువ. అతను చుట్టిన మోటారు నాలుగేళ్లు చూసుకోనక్కర్లేదని రైతులు చెప్పుకునేవారు. కాలనీలో రెండు గదుల ఇల్లు, బడిలో మధ్యాహ్న భోజనం వండే భార్య సువార్త, ఇంటర్ చదివే కూతురు మౌనిక. ఆదివారం పొద్దున చర్చికి వెళితే, వెనక వరసలో గోడకు ఆనుకుని కూర్చునేవాడు.

తాగుడు కూడా అతనికి పనితోపాటే అలవాటైంది. మొదట్లో పని ఎక్కువైన రోజు సాయంత్రం మాత్రమే. తర్వాత ప్రతి సాయంత్రం. కర్ణాటక సరిహద్దు అవతలి నుంచి వచ్చే చిన్న అట్ట ప్యాకెట్ల మందు ఊళ్లో ఎక్కడ దొరుకుతుందో అందరికీ తెలుసు. కేకలు వేసేవాడు కాదు, కొట్టేవాడు కాదు. తాగి వచ్చి తిని పడుకునేవాడు. అందుకే అది జబ్బని చాలాకాలం ఎవరికీ అనిపించలేదు. సువార్తకు కూడా.

నలభై ఒకటో ఏట అతని చేతులు వణకడం మొదలుపెట్టాయి. పొద్దున నిద్రలేచి టీ గ్లాసు పట్టుకుంటే టీ చొక్కా మీద ఒలికేది. తీగ కొస గాడిలోకి దూరేది కాదు. ఒక రోజు విసుగెత్తి పొద్దున్నే ఒక ప్యాకెట్ తాగాడు. పది నిమిషాల్లో చేతులు రాయిలా నిలబడ్డాయి. ఆ రోజు నుంచి షాపు తెరవగానే పాత మోటార్ల వెనక దాచిన ప్యాకెట్ తాగితేనే పని. అది సరదా కోసం తాగడం కాదని అతనికి తెలుసు. చేతుల కోసం తాగుతున్నాడు. గిరికి తెలుసు, కానీ నోరెత్తలేదు. ఇద్దరూ పాతికేళ్ల స్నేహితులు. జోయల్ చుట్టిన మోటార్లను గిరి ఎవరూ చూడకుండా ఇంకోసారి పరీక్షించి పంపేవాడు. అదే తన స్నేహధర్మం అనుకున్నాడు.

ఆషాఢంలో సువార్త ఒక పని చేసింది. సంతలో ఒకతను తాగుడు మాన్పించే పొడి అమ్ముతున్నాడని బడిలో వంట చేసే తోటి ఆమె చెప్పింది. మనిషికి తెలియకుండా తిండిలో కలపాలట, పది రోజుల్లో వాసనకే అసహ్యం పుడుతుందట. సువార్త పొట్లం తెచ్చి బియ్యం డబ్బాలో దాచింది. రెండు రోజులు జోయల్ తినే ఊరుబిండి పచ్చడిలో చిటికెడు చిటికెడు కలిపింది. రెండో రోజు షాపులో జోయల్ మొహం కందిపోయి, గుండె దడదడలాడి, వాంతులు చేసుకుని కింద పడిపోయాడు. గిరి అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. రెండు సెలైన్లు ఎక్కించాక తేరుకున్నాడు. నకిలీ ప్యాకెట్ తాగి ఉంటానని జోయల్ అనుకున్నాడు. సువార్త ఇంటికి వచ్చి మిగిలిన పొడిని కాలువలో కలిపేసింది. ఎవరితోనూ ఆ మాట చెప్పలేదు. తర్వాత వారానికి జోయల్ వేరే దుకాణంలో ప్యాకెట్లు కొనడం మొదలుపెట్టాడు.

భాద్రపదంలో ఓబిలేష్ వచ్చాడు. ఊరికి ఆరు మైళ్ల దూరంలో మూడెకరాల్లో చెనక్కాయ, అంటే వేరుశనగ, వేసిన రైతు. బోరులో మిగిలిన ఒకటిన్నర అంగుళం నీళ్లతో ఆ చెట్టును కాయ ఊరే దాకా తెచ్చాడు. అప్పుడు మోటారు కాలితే జోయల్ చుట్టి ఇచ్చాడు. ఆ రోజు గిరి ఊళ్లో లేడు. మోటారు బోరులోకి దిగిన రెండో రోజే మళ్లీ కాలింది. దాన్ని పైకి లాగి, ఇంకో షాపులో చుట్టించి, దింపేసరికి పన్నెండు రోజులు. ఓబిలేష్ షాపు ముందు నిలబడి గొడవ చేస్తాడని గిరి భయపడ్డాడు. అతను గొడవ చేయలేదు. వేళ్లతో పాటు పీకిన ఒక చెనక్కాయ చెట్టును టేబుల్ మీద పెట్టాడు. ఒక కాయ ఒలిచాడు. లోపల గింజ లేదు, ఎండిన పొట్టు ఉంది.

"చూడన్నా. అన్నీ ఇట్లే ఉండాయి" అన్నాడు.

జోయల్ ఆ పొట్టును వేళ్ల మధ్యకు తీసుకున్నాడు.

"నీ చేతి పనని నమ్మి వచ్చినా. ఇంగో షాపులో ఇప్పి చూస్తే చుట్లు తక్కువ ఉండాయన్నారు. నీకు లెక్క తప్పిందంటే నేనే నమ్మలేకపోయినా."

అంతే అని వెళ్లిపోయాడు. చెట్టు టేబుల్ మీదే ఉంది. గిరి దాన్ని తీయబోతే జోయల్ వద్దన్నాడు. సాయంత్రం దాకా దాని వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆ ఆదివారం చర్చిలో అందరి ముందూ లేచి నిలబడి, ఇక ఈ జన్మలో తాగనని ప్రమాణం చేశాడు. సువార్త ఏడ్చింది. ఇరుగుపొరుగు వచ్చి భుజం తట్టారు. ఆ రాత్రి అతను చుక్క ముట్టలేదు.

సోమవారం ఒళ్లంతా చెమట. అన్నం నోటికి పోలేదు. చేతులే కాదు, నాలుక కూడా వణికింది. నిద్ర రాలేదు. "ఓర్చుకో, దేవుడు పరీక్ష పెడతాండాడు" అంది సువార్త. తల తుడుస్తూ పక్కనే కూర్చుంది. మంగళవారం తెల్లవారాక గోడ మీద ఎర్రచీమలు బారులు కట్టాయని, వాటిని తుడవమని అడిగాడు. గోడ మీద ఏమీ లేదు. మొహం కడుక్కుంటానని కుళాయి దగ్గరికి వెళ్లినవాడు కట్టె మాదిరి బిగుసుకుని పడిపోయాడు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. నోట్లోంచి నురగ వచ్చింది.

కాలనీ అంతా మూగింది. ఎవరో తాళంచెవుల గుత్తి తెచ్చి చేతిలో పెట్టారు. గాలి సోకిందని ఒకరు, ప్రమాణం చేసి మనసులో మోసం పెట్టుకున్నాడని ఇంకొకరు. మౌనిక పరుగెత్తుకెళ్లి పాస్టరు గారిని పిలుచుకొచ్చింది. ఆయనకు డెబ్బై ఏళ్లు. వచ్చి ముందు జనాన్ని వెనక్కి జరగమన్నాడు. జోయల్‌ను పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టాడు.

"అయ్యగారూ, ప్రార్థన చేయండి" అన్నది సువార్త.

"చేస్తానమ్మా. ఆసుపత్రికి పోతా బండిలో చేస్తా. ముందు అంబులెన్స్‌కు ఫోను చేయండప్పా. ఇది దయ్యం కాదు. మా తమ్ముడు ఇట్లే పోయినాడు, మేము అప్పుడు బండి పిలవలేదు."

ఉరవకొండలో సూది వేసి అనంతపురం పంపించారు. మధ్యాహ్నానికి జోయల్ అనంతపురం ఆసుపత్రిలో, తాగుడు మాన్పించే వార్డులో ఉన్నాడు. రెండు రోజులు అతనికి తాను ఎక్కడున్నాడో తెలియలేదు. లేని మోటారును మంచం మీద చుడుతూ, లేని తీగను పళ్లతో కొరుకుతూ గడిపాడు. నర్సులు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మందులిచ్చారు. నరాల కోసం విటమిన్ సూదులు వేశారు. గురువారం మధ్యాహ్నం కళ్లు తెరిచి, భార్యను చూసి, "మే, నీళ్లు" అన్నాడు. సువార్త గ్లాసు అతని పెదాలకు ఆనించింది.

వార్డు డాక్టరు పేరు వనజాక్షి. ధర్మవరం మనిషి. యాభై ఏళ్లుంటాయి. రోగి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని మాట్లాడడం ఆమె అలవాటు.

"నేను ప్రమాణం చేసి మానేసినా మేడమ్. మంచి పని చేస్తే నాకు ఇట్ల యాల అయింది?" అని అడిగాడు జోయల్.

"మంచి పనే. చేసిన పద్ధతి తప్పు. బరువు బండి లాగే ఎద్దును చూసినావు గదా? ముందుకు ఒరిగి, కాళ్లు తన్నిపెట్టి లాగుతాంటుంది. దాని పగ్గాలు ఒక్కసారి తెంపితే ఏమైతాది?"

"ముందుకు పడతాది."

"నీ మెదడు అట్లనే ఇన్నేళ్లు మందు బరువుకు ఎదురు లాగుతాండాది. మందు మత్తులోకి నెడతాంటే, అది మేలుకుని ఉండను పెనుగులాడుతాంటాది. నువ్వు ఆదివారం పగ్గాలు తెంపినావు. మంగళవారం అది పడింది. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ వస్తాయి, ప్రాణం కూడా పోతాది. ఆసుపత్రిలో మందుల మీద మెల్లగా బరువు దించాల."

జోయల్ కాసేపు పైకప్పు చూశాడు. "అంటే నేను చెడ్డోన్ని కాదా?"

"అది నేను చెప్పేది కాదప్పా. నీకు జబ్బు ఉండాది. అది మాత్రం చెప్తా. జబ్బు రావడంలో నీ చేతిలో లేనివి చానా ఉంటాయి. మందులు తీసుకునేది, మల్ల రాకుండా చూసుకునేది మాత్రం నీ చేతిలోనిదే. చక్కెర జబ్బోడు మందులు వేసుకోవాల్నా వద్దా? ఇదీ అంతే. ఈ వారం మేము చేసేది ఒళ్లు కుదుటపరిచేది. అసలు వైద్యం నువ్వు ఇంటికి పోయినాక మొదలైతాది."

తర్వాత ఆమె ఇద్దరినీ కలిపి పాత విషయాలు అడిగింది. ఎప్పటి నుంచి తాగుతున్నాడు, ఎంత, పొద్దున తాగడం ఎప్పుడు మొదలైంది. "ఇంతకు ముందు మాన్పించను ఏమైనా చేసినారా? నాటుమందు, పొడి, ఏదైనా? తిట్టను కాదు అడిగేది."

సువార్త చీర కొంగు వేళ్లకు చుట్టుకుంటూ ఉండిపోయింది. చివరికి అంది, "పొడి పెట్టినా మేడమ్. ఆషాఢంలో. రెండు దినాలు."

జోయల్ తల తిప్పి చూశాడు. "సంగట్లోనా?"

"ఊరుబిండిలో."

"ఆ పొద్దు షాపులో పడిపోయింది..."

"ఆ. దాని వల్లనే."

డాక్టరు నెమ్మదిగా చెప్పింది. అలాంటి పొడుల్లో ఏముందో అమ్మేవాడికి కూడా తెలియదనీ, మందు తాగితే ఒంటికి పడకుండా చేసే బిళ్లలు నిజంగా ఉన్నాయనీ, గుండె, కాలేయం పరీక్షించి, మనిషికి అంతా చెప్పి, అతను ఒప్పుకుంటేనే ఇస్తారనీ చెప్పింది. తెలియకుండా పెట్టినందుకు ఆ రోజు షాపులోనే ప్రాణం పోయి ఉండేదని కూడా చెప్పింది. "నువ్వు చెడు కోరి చేయలేదమ్మా. ఇంగ మాత్రం చేయొద్దు" అని సువార్త భుజం మీద చేయి వేసి వెళ్లింది.

ఆ సాయంత్రం నుంచి జోయల్ సువార్త తెచ్చిన అన్నం తినలేదు. ఆమె అనంతపురంలోనే ఉన్న చిన్నమ్మ ఇంట్లో వండి క్యారియర్ పట్టుకొచ్చేది. అతను ఆసుపత్రి వాళ్లిచ్చే బ్రెడ్డూ పాలూ తీసుకుని గోడ వైపు తిరిగేవాడు. మూడు రోజులు అలాగే జరిగింది. నాలుగో రోజు ఆమె క్యారియర్ తెరవకుండా మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"నేను చేసింది తప్పే. నీ కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటా. ఒక మాట అడుగుతా చెప్పు. మోటార్ల వెనక నువ్వు ప్యాకెట్ దాచినావు. బాత్రూంలో దాచినావు. మౌనిక పుస్తకాల సంచిలో కూడా ఒకపారి దాచినావు, అది దొరికి బడి కాడ ఆ పిల్ల ఎట్ల తల దించుకునిందో నీకు తెలీదు. నేను అవన్నీ చూసి, చూడనట్టు ఉన్నా. నువ్వు దాచినావు, నేనూ దాచినా. ఇద్దరం ఒకే ఇంట్లో దొంగల మాదిరి బతికినాం."

సంచిలో ప్యాకెట్ దొరికిన సంగతి జోయల్‌కు నిజంగా తెలియదు. ఆ ప్యాకెట్ తానే తాగేసి మరిచిపోయానని అనుకున్నాడు.

"పిల్ల నాకు చెప్పలేదే" అన్నాడు.

"నువ్వు వినే తెలివిలో యాడ ఉన్నావు, చెప్పను?"

అతను లేచి కూర్చున్నాడు. క్యారియర్ వైపు చేయి చాపి, "ముందు నువ్వు తిను" అన్నాడు. ఆమె ఒక ముద్ద తింది. అతను తిన్నాడు. సంగటి చల్లారిపోయి గట్టిపడింది. "ఇంగ దాచేది వద్దు మే. నేనైనా, నువ్వైనా" అన్నాడు నములుతూనే.

శుక్రవారాల్లో ఆ వార్డులో మానేసిన వాళ్లు కొందరు వచ్చి గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుంటారు. ఆ వారం ఈరప్ప అనే మగ్గం మనిషి మాట్లాడాడు. పొట్టిగా, నెరిసిన మీసంతో, చూడ్డానికి బడిపంతులులా ఉన్నాడు. తాగుడు మాని తొమ్మిదేళ్లయింది. మానేసే ముందు ఐదుసార్లు మాని ఐదుసార్లు మళ్లీ మొదలుపెట్టానని చెప్పాడు.

"ఐదుసార్లు పడితే ఇంగ మానింది యాడన్నా?" అని జోయల్ అడిగేశాడు.

"ఆరోసారి పడలేదు గదప్పా" అన్నాడు ఈరప్ప. అందరూ నవ్వారు. జోయల్‌కు కూడా నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్లయిందో అతనికి గుర్తులేదు. ఈరప్ప నవ్వడం ఆపి, "ఐదుసార్లూ ఎవరికీ చెప్పకుండా పడినా. పడినానని తెలిసిపోతే పరువు పోతాదని దాచినా. దాచను మల్ల తాగినా. ఆ ముడి ఇప్పను నాకు ఐదేండ్లు పట్టింది" అన్నాడు. తన ఫోను నంబరు ఒక కాగితం మీద రాసి జోయల్ జేబులో పెట్టాడు.

పదహారో రోజు జోయల్ ఇంటికి వచ్చాడు. తాగాలనే కోరికను తగ్గించే మాత్రలు, విటమిన్లు, ప్రతి రెండో శుక్రవారం అనంతపురం రావాలన్న చీటీ. మందు ఒంటికి పడనీయని బిళ్ల సంగతి డాక్టరు మళ్లీ చెప్పింది కానీ, అతని కాలేయం ఇంకా కోలుకోలేదని దాన్ని పక్కన పెట్టింది.

ఇంటికి వచ్చాక తెలిసింది, సాయంత్రాలు ఎంత పొడవో. ఆరు నుంచి ఎనిమిది దాకా ఏం చేయాలో తోచేది కాదు. తీపి మీద విపరీతంగా ఆశ పుట్టేది, బెల్లం ముక్కలు జేబులో వేసుకుని తిరిగాడు. చిన్న మాటకే కోపం వచ్చేది. ప్యాకెట్లు అమ్మే సందు ముందు నుంచి కాకుండా, కొండ పక్క దారిన చుట్టూ తిరిగి ఇంటికి వచ్చేవాడు. షాపులో నెలన్నర తీగ ముట్టుకోలేదు. మోటార్లు విప్పడం, శుభ్రం చేయడం, బేరింగులు వేయడం మాత్రమే చేశాడు. చుట్టడం గిరి చేశాడు.

"నాకు తెలిసి కూడా నీకు చెప్పలేదురా. మల్లీ చూసి పంపిస్తి గానీ, చెప్పకపోతిని" అన్నాడు గిరి ఒకరోజు టీ తాగుతూ.

"నువ్వు చెప్పినా వినేటోన్ని కాదులే" అన్నాడు జోయల్. టీ గ్లాసు కింద పెడుతూ, "అయినా చెప్పింటే బాగుండు" అన్నాడు.

రెండో నెలలో చేతులు కుదురుకున్నాక, అతను ఓబిలేష్ ఊరికి వెళ్లాడు. పంట పోయిన చేనులో ఓబిలేష్ ఉలవలు చల్లుకుని ఉన్నాడు. జోయల్ గట్టు మీద నిలబడి, ఆ రోజు తాను తాగి చుట్టానని, లెక్క తప్పింది అందుకేనని చెప్పాడు. ఓబిలేష్ వెంటనే క్షమించలేదు. "ఆ మాట అప్పుడే చెప్పింటే ఇంగోని కాడికి పోయి మూడు దినాల్లో దింపుకుంటాంటి" అన్నాడు. అది నిజమే. జోయల్ తల వంచుకుని విన్నాడు. వచ్చే దారిలో మనసు తేలికపడలేదు. అయినా వెళ్లినందుకు బాధపడలేదు.

ఏడు నెలలు గడిచాయి. క్రిస్మస్ పోయింది, బంధువుల పెళ్లి ఒకటి పోయింది, ఊళ్లో జాతర పోయింది. ఎక్కడా తాగలేదు. అందరూ ఇక భయం లేదనుకున్నారు. శుక్రవారాలు రెండు మానేశాడు, పని ఎక్కువ ఉందని. మాత్రలు అయిపోయాయి, తెచ్చుకోలేదు. బాగున్నాను గదా అనుకున్నాడు.

చైత్రంలో రాగి తీగ కోసం బళ్ళారి వెళ్లాడు. అక్కడ మేస్త్రీ దగ్గర తనతో పాటు పని నేర్చుకున్న పాత మిత్రుడు కనిపించాడు. ఇరవై ఏళ్ల తర్వాత కలిశారు. దుఃఖం లేదు, గొడవ లేదు, కడుపునిండా సంతోషం ఉంది. మిత్రుడు హోటల్లో కూర్చోబెట్టి ఒకటి తెప్పించాడు. "ఒక్కటే గదప్పా, ఏం కాదు" అన్నాడు. జోయల్ ఒకటి తాగాడు. తర్వాత ఇంకొకటి. మూడోది సగంలో ఉండగా లేచి, తీగ కట్ట చంకన పెట్టుకుని బస్సెక్కాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని అబద్ధాలు తయారుచేసుకున్నాడు. ఎండకు తలనొప్పి అని చెప్పొచ్చు. నిమ్మకాయ సోడా తాగానని చెప్పొచ్చు. నేరుగా పడుకోవచ్చు. జేబులో పుదీనా బిళ్లలు ఉన్నాయి, బస్టాండులోనే కొన్నాడు. రెండు నోట్లో వేసుకున్నాడు. అన్నీ పాత అలవాట్లే. ఏడు నెలల తర్వాత కూడా ఎంత సులువుగా వచ్చేశాయో అని అతనికి భయం వేసింది. తాగినందుకు కాదు, దాని కంటే ఎక్కువ ఆ అబద్ధాల వరస చూసి భయపడ్డాడు. ఈరప్పకు ఫోను చేశాడు. బస్సు చప్పుడులో సరిగా వినపడలేదు. "ఇంటికి పోయి చెప్పు. రేపు పొద్దున రా" అన్న రెండు మాటలు మాత్రం వినిపించాయి.

సాయంత్రం ఐదున్నరకు ఇంటికి చేరాడు. సువార్త అరుగు మీద బియ్యం చెరుగుతోంది. మౌనిక లోపల పరీక్షకు చదువుతోంది. అతను చెప్పులు విప్పకుండానే అన్నాడు.

"మే, తాగినా."

చాట ఆగింది. సువార్త అతని మొహంలోకి చూసింది. "ఎంత?"

"రెండున్నర. బళ్ళారిలో. పగలు రెండింటికి."

"ఇంగా ఉండాదా నీ కాడ?"

"లేదు. కావాల్నంటే సంచి చూడు."

ఆమె సంచి చూడలేదు. మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. రెండు చాటలు చెరిగింది. ఆమె చేతులు వేగంగా కదిలాయి, బియ్యం గింజలు అరుగు కిందికి కొన్ని రాలాయి. అప్పుడు అంది, "కోపం వస్తాండాది. చానా వస్తాండాది. ఇప్పుడు నేనేమన్నా మాట్లాడితే తప్పు మాట వస్తాది. పొయ్యి స్నానం చేసి రా. అన్నం తిను."

లోపల తలుపు దడాలున మూసుకుంది. మౌనిక విన్నది. ఆ పిల్ల మూడు వారాలు తండ్రితో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున ఆరింటి బస్సుకు జోయల్ ఒక్కడే అనంతపురం వెళ్లాడు. తోడు వస్తానని సువార్త అంటే, బడికి సెలవు పెట్టొద్దన్నాడు. డాక్టరు వనజాక్షి అంతా విని, అడిగిన మొదటి ప్రశ్న, "ఇంట్లో ఎప్పుడు చెప్పినావు?"

"నిన్ననే మేడమ్. పోయిన వెంటనే."

"ఎవరైనా కనిపెట్టినారా, నువ్వే చెప్పినావా?"

"నేనే."

ఆమె చీటీ మీద అది రాసుకుంది. తర్వాత ఇద్దరూ కూర్చుని జరిగిన రోజులను వెనక్కి తిప్పి చూశారు. తాగడానికి ముందు ఏం జరిగింది, దానికి ముందు ఏం జరిగింది అని. శుక్రవారాలు మానడం, మాత్రలు అయిపోవడం, తీరిక లేకపోవడం, ఇక పర్వాలేదన్న నమ్మకం. "నువ్వు బళ్ళారిలో పడలేదప్పా. నెల ముందే ఈడ జారడం మొదలుపెట్టినావు. బాధ వచ్చినప్పుడే జాగ్రత్తగా ఉండాలనుకుంటారు అందరూ. సంతోషం వచ్చినప్పుడు కూడా ఉండాల." కాలేయం మళ్లీ పరీక్షించారు, బాగుపడింది. మందు ఒంటికి పడనీయని బిళ్ల సంగతి ఈసారి జోయలే అడిగాడు. ఏమేం జరగొచ్చో ఆమె అంతా చెప్పింది, అతను సంతకం పెట్టాడు. ఆ రోజు నుంచి ప్రతి పొద్దునా సువార్త ఎదురుగా, తన చేత్తో తానే బిళ్ల వేసుకున్నాడు. ఒక ఏడాది దాకా.

ఇప్పటికి ఆ బళ్ళారి రోజు గడిచి ఒక ఏడాది ఎనిమిది నెలలు. జోయల్ మళ్లీ తాగలేదు. ఇక ఎప్పటికీ తాగనని ఎవరికీ మాట ఇవ్వలేదు. ఎవరైనా అడిగితే "ఈ పొద్దు తాగలేదు" అంటాడు. శుక్రవారం వస్తే షాపు గిరికి వదిలేస్తాడు. ఓబిలేష్ ఇప్పటికీ ఇంకో షాపులోనే చుట్టించుకుంటాడు. రోడ్డు మీద ఎదురైతే మాత్రం పలకరిస్తాడు.

మౌనిక అనంతపురంలో నర్సింగ్ చదువుతోంది. నెలకోసారి ఆదివారం ఇంటికి వచ్చి సోమవారం పొద్దున వెళుతుంది. జోయల్ ఆమెను బస్టాండు దాకా దిగబెడతాడు. మొన్న అలాగే నిలబడి ఉన్నారు. ఇద్దరి మధ్య బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు కట్టిన పొట్లం ఉంది, బస్సు ఇంకా రాలేదు.

"నాయనా, ఒకటి అడుగుతా. నిజం చెప్పు" అంది మౌనిక.

"అడుగు."

"నువ్వు తాగేటప్పుడు, అమ్మా నేనూ నీకు గుర్తొస్తాంటిమా?"

జోయల్‌కు అబద్ధం చెప్పడం సులువు. గుర్తొచ్చేవారు అంటే పిల్ల సంతోషిస్తుంది. అతను రోడ్డు వైపు చూస్తూ కొంచెంసేపు ఆలోచించాడు.

"లేదు పాపా. ఒకటి లోపలికి పోయినాంక ఎవరూ గుర్తురారు. నువ్వూ రావు, మీ అమ్మా రాదు. నేనే నాకు గుర్తుండను."

మౌనిక తల వంచుకుంది. చాలాసేపు పొట్లం మీద కట్టిన దారాన్ని వేలితో లాగుతూ ఉంది.

"నేను అడిగింది అందుకే" అంది చివరికి. "మా మీద ప్రేమ లేకనే తాగుతాండావని అనుకుంటాంటి. చిన్నప్పటి నుంచీ."

"అది కాదు పాపా."

"ఇప్పుడు తెలిసిందిలే. అది జబ్బని క్లాసులో చెప్పినారు. అయినా నీ నోటితో వినాలనిపించింది."

బస్సు వచ్చింది. జనం ఎగబడ్డారు. మౌనిక ఎక్కి కిటికీ పక్కన చోటు పట్టుకుని, పొట్లం విప్పి, కిటికీలోంచి ఒక మిరపకాయ బజ్జీ తండ్రికి అందించింది. బస్సు కదిలేదాకా అతను అక్కడే నిలబడి దాన్ని తిన్నాడు.